ఉపన్యాసం రాసుకున్న ఆడవాళ్ళు

మన భాషలో రచయిత్రి అనగానే కథలూ నవలలూ రాసే మనిషి గుర్తుకొస్తుంది. వ్యాసాలు మాత్రమే రాసే ఆవిణ్ణి ఏమని పిలవాలో మనకి తోచదు. పత్రికలో ఉద్యోగి కాదు కాబట్టి జర్నలిస్టు అనలేం. కాలేజీలో పాఠం చెప్తే 'మేడమ్' అంటాం, చెప్పకపోతే 'అప్పుడప్పుడూ ఏదో రాస్తూంటారు' అంటాం. అమెరికాలో మేగజైన్లకి విడిగా రాసి బతికేవాళ్ళు 1948లోనే న్యూయార్క్‌లో ఒక సొసైటీ పెట్టుకున్నారు. రాతకి ఎంత ఇస్తారు, ఒప్పందంలో ఏముండాలి అన్నవి అక్కడ సదస్సులో మాట్లాడుకోదగ్గ విషయాలు. మన దగ్గర వ్యాసం రాసే ఆడవాళ్ళు ఒకచోట కూర్చున్న సందర్భాలు ఏవి అని వెతుకుతూ పోతే, ఆ దారి నన్ను నారాయణగూడకి తీసుకొచ్చింది.

కథ 1921 నవంబరు 12న మొదలవుతుంది. హైదరాబాదులోని వివేకవర్ధినిలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ. అధ్యక్షులు ధోండో కేశవ్ కర్వే, స్త్రీల కోసం విశ్వవిద్యాలయం పెట్టిన మనిషి. అల్లంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఈ అవమానం గురించి మన చరిత్రకారులు పేజీలకి పేజీలు రాశారు. ఒక మగవాడి నోట తెలుగు ఆగిపోతేనే ఇంత చరిత్ర అయింది కదా, ఏ భాషలోనూ నోరు విప్పే వీల్లేని ఆడవాళ్ళ సంగతి ఆ సభలో ఎవరికైనా తట్టిందా అని నాకెప్పుడూ అనుమానమే.

1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగింది. దానికి జోడుగా ఆంధ్ర మహిళా సభ. దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఆ తర్వాత దేవరకొండలో టి. వరలక్ష్మమ్మ, ఖమ్మంలో యల్లాప్రగడ సీతాకుమారి, సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ, షాద్‌నగర్‌లో బూర్గుల అనంతలక్ష్మి, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి. ఇంటిపేర్లు చూస్తే చాలు, ఉద్యమ నాయకుల ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళు ఇందులో ఎంతమందో తెలిసిపోతుంది. భర్తల నీడలో వచ్చారని తేలిగ్గా తీసిపారేయడం మనకి అలవాటైపోయింది. కానీ వేదికెక్కి అధ్యక్షోపన్యాసం చెయ్యడమంటే ఏమిటి? ముందు కూర్చుని రాసుకోవాలి. వాదన కట్టుకోవాలి. ఎదుటివాళ్ళ అభ్యంతరం ముందే ఊహించి జవాబు సిద్ధం చేసుకోవాలి. అది వ్యాసం కాక మరేమిటి?

పైగా ఆ వాదన అంత సులువైంది కాదు. బాల్య వివాహాలనే తీసుకోండి. శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అంటే జోగిపేట సభ అయిన మరుసటి నెల. కానీ అది బ్రిటిష్ ఇండియాకి వర్తించే చట్టం, నిజాం రాజ్యానికి కాదు. కృష్ణకి అవతల ఒడ్డున నేరమైనది ఇవతల ఒడ్డున ఆచారం. ఆ పరిస్థితిలో సంస్కరణ కోరే స్త్రీ చట్టాన్ని అడ్డం పెట్టుకోలేదు, ఇంట్లోవాళ్ళనీ ఊరివాళ్ళనీ మాటతోనే ఒప్పించాలి.

ఆ మాట నేర్చుకోవడానికి బడి కావాలి. 1918లో మొదలైన ఉస్మానియాలో బోధన ఉర్దూలో. మాడపాటి హనుమంతరావు 1928లో పెట్టిన ఆంధ్ర బాలికల పాఠశాల తెలుగు మాధ్యమం. దాంతో ఆ బడి పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయం పంచన చేరాల్సి వచ్చింది. ఏ కర్వే అధ్యక్షతలో తెలుగు గేలికి గురైందో, ఆ కర్వే పెట్టిన విద్యాసంస్థే నారాయణగూడ తెలుగు పిల్లలకి పరీక్షలు పెట్టింది! చరిత్రకి హాస్యం తెలీదని ఎవరన్నారు?

ఈ వరసకి ముందే ఒకావిడ ఉంది. భండారు అచ్చమాంబ. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టినవాళ్ళలో ఒకరు. అక్క 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టించింది, 1905లో చిన్న వయసులోనే వెళ్ళిపోయింది. ఆవిడ స్త్రీల చరిత్రే రాసినా, తొలి కథ ఆవిడదా గురజాడదా అన్న తగువులోనే మనకి ఎక్కువగా గుర్తుంటుంది. అక్కడా కథే గెలిచింది.

అవార్డుల జాబితా కూడా ఇదే చెప్తుంది. హైదరాబాదులో ఆంధ్ర యువతీ మండలి పెట్టినవాళ్ళలో ఒకరైన ఇల్లిందల సరస్వతీదేవికి 1982లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, 'స్వర్ణకమలాలు' కథలకి. దశాబ్దాలపాటు 'ప్రమదావనం' శీర్షిక నడిపిన మాలతీ చందూర్‌కి 1992లో వచ్చింది 'హృదయనేత్రి' నవలకి. ఛాయాదేవి గారికి 2005లో కథలకి. 2013లో కాత్యాయనీ విద్మహే విమర్శకి తీసుకునేదాకా ఆగాల్సి వచ్చింది.

మహిళా సభల వేదికల మీద లేనివాళ్ళ సంగతి వేరే చెప్పాలి. తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. ఉపన్యాసం రాసుకునే తీరిక లేని ఆడవాళ్ళు మాట్లాడగా తయారైన చరిత్ర అది. దళిత నాయకురాలు టి.ఎన్. సదాలక్ష్మి జీవితాన్ని గోగు శ్యామల 'నేనే బలాన్ని' పేరుతో పుస్తకం చేశారు. నడింపల్లి, బూర్గుల, మాడపాటి అని వల్లించే మనం ఆ పుస్తకాన్ని ఆ వరసలోనే పెట్టి చదవకపోతే వరసే తప్పు.

మరి ఇప్పుడు? చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రాలు పుస్తకావిష్కరణలు జరుగుతూనే ఉంటాయి. శాలువా, జ్ఞాపిక, ఫొటో. నా బీరువాలోనూ శాలువాలున్నాయి. ఆటో డబ్బులు ఇచ్చినవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని చూసుకుంది, ఇంట్లో కూర్చుని వ్యాసం రాసి పంపేవాళ్ళని కాదు. 1957 కాపీరైటు చట్టం మాత్రం మన పక్షాన కొంత ఉంది. ఉద్యోగి కాని మనిషి రాసినదానికి తొలి హక్కుదారు ఆ మనిషే. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. గడువు రాయకపోతే 5 ఏళ్ళకే చెల్లుతుంది. 'వ్యాసం పంపండమ్మా' అన్న ఫోన్ కాల్ హక్కుల బదిలీ కాదు. పొద్దున ఒక పూట ఈ సెక్షన్లు చదువుకుని, మధ్యాహ్నం ఎవరికెంత ముట్టిందో మొహమాటం లేకుండా చెప్పుకునే సదస్సు గానసభ చిన్న హాల్లో పెట్టుకోవడానికి పెద్ద ఖర్చేం కాదు. కేరళలో రచయితలు 1945లోనే కొట్టాయంలో సహకార సంఘం పెట్టుకుని సొంతంగా పుస్తకాలు వేసుకున్నారు.

గానసభ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే సిటీ సెంట్రల్ లైబ్రరీ. జిల్లాల నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉంటూ, పోటీ పరీక్షలకి చదివే ఆడపిల్లలు అక్కడ బోలెడుమంది. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుంది: 3 గంటల్లో 3 వ్యాసాలు, ఒక్కోదానికి 50 మార్కులు. స్త్రీ విద్య, బాల్య వివాహం, భాష, కులం, జోగిపేటలో లేచిన విషయాలే ఆ పిల్లలు మళ్ళీ రాస్తున్నారు, గడియారం చూసుకుంటూ. వ్యాసం ఎలా రాయాలో చెప్పడానికి చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు ఫీజు తీసుకుంటాయి. ఈ పేటల్లో వ్యాసానికి ధర పలుకుతున్నది అక్కడే, అదీ ఆ పిల్లలే కడుతున్నారు.