మతం: ఒకప్పుడు అభిప్రాయమే

సంస్కృతంలో 'మన్' ధాతువుకు తలచడం అని అర్థం. దాన్నుంచి వచ్చిందే 'మతం': తలచినది, అభిప్రాయం. 'ఇది పాణిని మతం' అని వ్యాకరణ పండితులు ఇప్పటికీ అంటారు. ఆయన ఏ దేవుణ్ణి కొలిచాడన్న ప్రస్తావనే అక్కడ ఉండదు. మతి, సమ్మతి, అనుమతి, అభిమతం, చివరికి బడిలో ఇచ్చే బహుమతి కూడా ఈ ఇంటివే. అద్వైత మతం, విశిష్టాద్వైత మతం అన్నప్పుడు రెండర్థాలూ కలిసిపోయాయి.

ఇప్పుడు దరఖాస్తులో 'మతం' గడిలో పుట్టుకతో వచ్చిన పేరు రాస్తాం. దేవుడున్నాడో లేడో, ఉంటే ఎలాంటివాడో సొంతంగా చెప్పాల్సివస్తే 'నమ్మకం' అంటాం. అది ద్రావిడ పదం. తమిళ, కన్నడాల్లో 'నంబు'. నన్నడిగితే 'నా మతం' అనే పాత వాడుకే ఇందుకు సరిగ్గా అతుకుతుంది. కాకపోతే వినేవాళ్లు వెంటనే 'ఏ మతం?' అంటారు.