అమూర్ డేగల రక్షణ (పాంగ్తీ, నాగాలాండ్)

అమూర్ డేగ పావురం కన్నా చిన్న వేటపక్షి. బరువు సుమారు 150 గ్రాములు. ఆగ్నేయ సైబీరియా, ఉత్తర చైనాల్లో పిల్లల్ని చేసి, ఏటా ఆఫ్రికా దక్షిణ ప్రాంతాలకు వలస పోతుంది. దారిలో అక్టోబరు, నవంబరు నెలల్లో నాగాలాండ్‌లో దిగి ఉసిళ్లు తిని ఒళ్లు చేస్తుంది. ఆపైన అరేబియా సముద్రాన్ని ఎక్కడా వాలకుండా దాటాలి మరి.

వోఖా జిల్లాలో దోయాంగ్ జలవిద్యుత్ ఆనకట్ట లోథా నాగాల పొలాలను ముంచేసింది. సాగు పోయినవాళ్లు చేపలవేటకు దిగారు. ఒడ్డున చెట్ల మీద డేగలు వేలాదిగా వాలడం మొదలయ్యాక, వాటిని పట్టి అమ్మడానికి ఆ చేపల వలలనే చెట్ల నడుమ ఎత్తున కట్టారు. 2012 అక్టోబరులో అక్కడికి వెళ్లిన వన్యప్రాణి సంరక్షకుడు రామ్‌కీ శ్రీనివాసన్ బృందం ఆ ఒక్క సీజన్లోనే 1,20,000 నుంచి 1,40,000 పక్షులు బలైపోయాయని అంచనా వేసి, ఆ దృశ్యాలను బయటపెట్టింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉన్నదే. కానీ నాగాలాండ్‌లో భూమి, అడవి చాలామటుకు ఊళ్లవి, వంశాలవి. రాజ్యాంగం 371ఎ అధికరణం ఆ ఆచార హక్కులను కాపాడుతుంది. కేసులు పెట్టినంత మాత్రాన తేలే వ్యవహారం కాదిది. పాంగ్తీ, ఆశా, సుంగ్రో గ్రామ మండళ్లు తామే వేటను నిషేధించడంతో కథ మారింది. చర్చిల్లో పాస్టర్లు చెప్పారు, బడుల్లో పిల్లల క్లబ్బులు పెట్టారు. పాత్రికేయురాలు బానో హరాలు స్థానికులను కూడగట్టారు. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు వెనక నిలిచాయి. డేగలు వాలే స్థలాల యజమానులు తమ సంఘం పెట్టుకున్నారు. 2013లో వలలు లేవలేదు. ఆ నవంబరులో ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిన మూడు డేగలకు నాగా, వోఖా, పాంగ్తీ అని పేర్లు పెట్టారు. ఊరి పేరు మోసే పక్షిని ఊరే కాచుకుంటుందన్న ఆలోచన తెలివైనదే.

తేలనిది జీవనోపాధి. డేగల అమ్మకం అప్పట్లో పేద కుటుంబాలకు చేతికందే నగదు. కొందరికి కోళ్ల పెంపకానికి సాయం అందింది, పర్యాటకులు వస్తున్నారు. కానీ పర్యాటకుల వల్ల వచ్చే ఆదాయం కొద్ది వారాలదే. వేట మానే ఒప్పందం కూడా ఏ ఊరికి ఆ ఊరే చేసుకోవాల్సింది. 2018లో పొరుగు రాష్ట్రం మణిపూర్‌లోని తామెంగ్‌లాంగ్‌లో ట్యాగు కట్టి 'మణిపూర్' అని పేరుపెట్టిన డేగను కొద్ది రోజులకే వేటగాళ్లు చంపేశారు.