పిచ్చర్ ప్లాంట్‌ని బతికించిన గాజుపెట్టె కథ

పోయిన ఎండాకాలం కర్నూల్లో నా పిచ్చర్ ప్లాంట్ చచ్చిపోయింది. కూజాలన్నీ అంచుల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. నేనేమో రోజూ బోరు నీళ్లే పోశా. మన సీమ బోరు నీళ్లలో సున్నం ఎంతుంటుందో బకెట్ చూస్తేనే తెలుస్తుంది కదా, ఈ మొక్కకి అది విషం!

1829 ప్రాంతంలో లండన్ డాక్టర్ నథానియల్ వార్డ్‌దీ ఇదే బాధ. ఆయన ఫెర్న్ మొక్కలు బొగ్గు పొగకి బతికేవి కావు. ఒకసారి మూత పెట్టిన సీసాలో, తడి మట్టిలో, ఒక పురుగు గూడు ఉంచాడు. పురుగు సంగతి పక్కన పెడితే, ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలిచింది! లోపలి తేమ గాజుకి పట్టి, మళ్లీ మట్టిలోకే దిగుతోందన్నమాట. అలా పుట్టిందే వార్డియన్ కేస్. 1833లో ఆ పెట్టెల్లో మొక్కలు ఓడెక్కి సిడ్నీ దాకా బతికే వెళ్లాయి.

ఇక ఆసియా అడవుల మీద పడ్డారు. మన దేశంలో సహజంగా పెరిగే పిచ్చర్ ప్లాంట్ ఒక్కటే, మేఘాలయలోని నెపెంథిస్ ఖాసియానా. గారోలు దాన్ని దెయ్యం బుట్ట అంటారు. ఇప్పుడది సైటిస్ మొదటి జాబితాలో ఉంది, అడవిలోంచి పీకి విదేశాలకి అమ్మకూడదు. మీరు కొనేముందు నర్సరీలో పెంచిందేనా అని అడగండి.

నా రెండో మొక్క పాత చేపల తొట్టిలో ఉంది, నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర. పట్టి దాచిన వాన నీళ్లే పోస్తున్నా. నిన్న ఒక కూజా మూత తెరుచుకుంది. పొద్దున చూస్తే లోపల చీమ.