ఓషియానో డ్యూన్స్

ఓషియానో డ్యూన్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో, పసిఫిక్ మహాసముద్ర తీరాన ఉన్న ప్రభుత్వ వాహన విహార ప్రాంతం. డ్యూన్స్ అనగా ఇసుక దిబ్బలు. రోడ్డు లేని చోట నడపడానికి తయారైన మోటారు సైకిళ్ళు, నాలుగు చక్రాల ఏటీవీలు, జీపులు మొదలైన వాహనాలను ప్రజలు ఇక్కడి ఇసుకలో నడపవచ్చు. కాలిఫోర్నియా రాష్ట్ర ఉద్యానవనాలలో సముద్రపు ఒడ్డున వాహనం నడపడానికి అనుమతి ఉన్నది ఇక్కడ మాత్రమే. ఈ ఇసుకలోనే అరుదైన పక్షులు గుడ్లు పెడతాయి. గాలికి లేచే ధూళి సమీప జనావాసాలకు చేరుతుంది. ఈ రెండు కారణాల వలన ఈ ప్రాంతం దశాబ్దాలుగా వివాదాలలో ఉన్నది.

ఉనికి

ఈ ప్రాంతం శాన్ లూయిస్ ఒబిస్పో కౌంటీలో, పిస్మో బీచ్ పట్టణానికి దక్షిణాన ఉన్నది. లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాలను కలిపే 101వ నంబరు రహదారి దీనికి సమీపంగా పోతుంది. మొత్తం విస్తీర్ణం సుమారు 3,600 ఎకరాలు. ఇందులో వాహన విహారానికి కేటాయించిన దిబ్బలు సుమారు 1,500 ఎకరాలు. వాహనాలు నడిచే తీరం పొడవు దాదాపు 9 కిలోమీటర్లు. సముద్రం వైపు నుండి వీచే వాయవ్య గాలులు ఒడ్డున ఉన్న ఇసుకను లోపలికి నెట్టడం వలన ఈ దిబ్బలు ఏర్పడినాయి.

చరిత్ర

ఈ తీరం చుమాష్ అనే ఆదివాసుల పూర్వీకుల భూమి. 1920ల నుండి 1940ల వరకు కొందరు కళాకారులు, రచయితలు, ఆధ్యాత్మిక సాధకులు ఈ దిబ్బలలో గుడిసెలు వేసుకుని నివసించారు. వీరిని 'డ్యూనైట్లు' అనేవారు. తెలుగునాట కూడా అనుచరులు కలిగిన మెహెర్ బాబా 1934లో వీరి వద్దకు వచ్చి బస చేశారు.

ఈ తీరాన మోటారు వాహనాలు నడపడం ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళ నుండే ఉన్నది. 1974లో రాష్ట్ర ప్రభుత్వం దీనిని 'పిస్మో డ్యూన్స్' పేరుతో వాహన విహార ప్రాంతంగా ఏర్పరచింది. 1995లో పేరు ఓషియానో డ్యూన్స్‌గా మారింది.

సందర్శన, నియమాలు

గ్రోవర్ బీచ్‌లోని గ్రాండ్ అవెన్యూ, ఓషియానోలోని పియర్ అవెన్యూ ప్రవేశ ద్వారాలు. తీరం వెంట అంకెలు వేసిన స్తంభాలు ఉంటాయి. 2వ నంబరు స్తంభం వరకు, రోడ్డుపై నడవడానికి అర్హత గల వాహనాలను మాత్రమే నడపాలి. ఏటీవీల వంటి వాటిని లారీపైనో, ట్రైలరుపైనో అంతవరకు తెచ్చి, అక్కడ దింపుకోవాలి.

తీరంపైనా, గుడారాలు వేసుకునే చోట్లా వేగం గంటకు 15 మైళ్ళు, అనగా సుమారు 24 కిలోమీటర్లు మించరాదు. మోటారు సైకిల్, ఏటీవీ నడిపేవారు హెల్మెట్ ధరించాలి. దిబ్బలలో తిరిగే వాహనానికి నేల నుండి కనీసం 8 అడుగుల ఎత్తున జెండా ఉండాలి. దిబ్బకు ఒక వైపు ఎక్కుతున్న వానికి రెండవ వైపు నుండి వచ్చే వాహనం కనబడదు. ఎత్తైన జెండా మాత్రం శిఖరం మీదుగా ముందే కనబడుతుంది.

మెత్తని ఇసుకలో టైర్లు కూరుకుపోకుండా చాలామంది వాటిలోని గాలిని తగ్గిస్తారు. అప్పుడు టైరు వెడల్పుగా పరచుకుని, బరువు ఎక్కువ ఇసుకపై పడుతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి. తీరానికి అడ్డంగా ప్రవహించే అరోయో గ్రాండే వాగు వద్ద ప్రత్యేక జాగ్రత్త అవసరం. వానలకు, సముద్రపు పోటుకు దీని లోతు మారుతూ ఉంటుంది. నిన్న దాటిన చోటే నేడు వాహనం చిక్కుకోవచ్చు.

పక్షులు

స్నోవీ ప్లోవర్ అనే చిన్న తీరపక్షి గూడు కట్టదు. బహిరంగ ఇసుకలో చిన్న గుంట చేసి, సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది. గుడ్లు ఇసుక రంగులోనే ఉండుట వలన శత్రువుల కంట పడవు. ఆ కారణంగానే వాహనం నడిపేవారి కంటా పడవు. పసిఫిక్ తీరంలోని ఈ పక్షులను 1993లో అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న జీవులుగా ప్రకటించింది. అంతరించే ప్రమాదంలో ఉన్న కాలిఫోర్నియా లీస్ట్ టెర్న్ కూడా ఇక్కడ పిల్లలను చేస్తుంది. వీటి కోసం మార్చి 1 నుండి సెప్టెంబరు 30 వరకు దక్షిణ భాగంలో సుమారు 300 ఎకరాలకు కంచె వేసి వాహనాలను ఆపే పద్ధతి ఏర్పడింది.

ధూళి సమస్య

దిబ్బలకు తూర్పున నిపోమో మీసా అనే జనావాసం ఉన్నది. గాలి బలంగా వీచే రోజులలో ఎగిరిపడే ఇసుక రేణువులు నేలను ఢీకొని సన్నని ధూళిని లేపుతాయి. ఆ ధూళి గాలిలో తేలి ఊళ్ళకు చేరుతుంది. మిల్లీమీటరులో నూరవ వంతు కన్నా చిన్న కణాలు శ్వాసతో ఊపిరితిత్తులలోకి పోతాయి. మొక్కలు ఇసుకను పట్టి ఉంచుతాయి. వాహనాల రాకపోకల వలన ఆ మొక్కలు నిలవక ధూళి పెరుగుతుందని కౌంటీ వాయు కాలుష్య నియంత్రణ సంస్థ వాదన. దిబ్బల నుండి ధూళి రావడం సహజమేనని వాహన ప్రియులు అంటారు. ఈ సంస్థ 2011లో ధూళి నియంత్రణ నియమాన్ని ఆమోదించింది. 2018లో ధూళి తగ్గించాలన్న ఉత్తర్వు వెలువడింది. దాని ప్రకారం కొన్ని చోట్ల గాలి కంచెలు వేసి, స్థానిక జాతుల మొక్కలు నాటి, వాహనాలను నిలిపివేశారు.

నిషేధ నిర్ణయం

2021 మార్చిలో కాలిఫోర్నియా తీర పరిరక్షణ కమిషన్, రోడ్డుపై నడవని వాహనాలను మూడు సంవత్సరాలలో ఇక్కడి నుండి తొలగించాలని నిర్ణయించింది. ప్రకృతి సంరక్షకులు దీనిని స్వాగతించారు. కుటుంబాలతో తరతరాలుగా వస్తున్నవారు, పర్యాటకులపై ఆధారపడిన స్థానిక వ్యాపారులు వ్యతిరేకించారు. వాహన ప్రియుల సంఘాలు దావా వేయగా, కమిషన్ తన అధికార పరిధిని దాటిందని 2023లో కౌంటీ ఉన్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. 2024 ఆరంభానికి ఆగిపోవలసిన వాహన విహారం ఆ తరువాత కూడా కొనసాగింది.