వజ్రం కొంటున్నారా? సర్టిఫికెట్ ఏ ల్యాబ్‌దో ముందు చూడండి

పెళ్లి ఖాయం కాగానే నగల దుకాణాల చుట్టూ తిరగడం మొదలవుతుంది. బంగారం విషయంలో ఇప్పుడు జనానికి బాగానే తెలుసు. హాల్‌మార్క్ ఉందా, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉందా అని గట్టిగానే అడుగుతున్నారు. అదే ఉంగరంలో వజ్రం ఉంటే మాత్రం ‘సర్టిఫికెట్ ఉందండీ’ అని షాపువాళ్లు అనగానే సరే అనేస్తున్నారు. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే గానీ అందులో పొదిగిన రాయికి కాదు. రాయి సంగతి చెప్పాల్సింది గ్రేడింగ్ ల్యాబ్.

ల్యాబ్ ముఖ్యంగా నాలుగు విషయాలు చూస్తుంది: బరువు, రంగు, స్వచ్ఛత, కట్. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. దాన్ని త్రాసు చెప్పేస్తుంది కాబట్టి వాదన ఉండదు. రంగు, స్వచ్ఛత మాత్రం ఎక్కువగా నిపుణుల కంటి మీద ఆధారపడినవి. రంగుకు ఇంగ్లీషు అక్షరాలు డి నుంచి జెడ్ వరకు వాడతారు. డి అంటే ఏ రంగూ లేనిది, కిందికి వెళ్లేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. ఈ పద్ధతి తెచ్చింది 1931లో అమెరికాలో మొదలైన జీఐఏ. మిగతా ల్యాబ్‌లు కూడా అవే అక్షరాలు వాడతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక ల్యాబ్ ‘హెచ్’ అన్న రాయిని ఇంకో ల్యాబ్ ‘ఎఫ్’ అని రాసివ్వొచ్చు. రాయి అదే, ధర మాత్రం పెరుగుతుంది. ఆ తేడా కట్టేది కొన్నవాళ్లే.

ఇది ఊరికే చెప్పే భయం కాదు. ఈజీఎల్ పేరుతో వేర్వేరు దేశాల్లో నడిచిన కొన్ని ల్యాబ్‌లు గ్రేడ్లు మరీ ధారాళంగా ఇస్తున్నాయని వ్యాపారుల్లోనే విమర్శలు వచ్చాయి. చివరికి 2014 అక్టోబర్ 1 నుంచి, వజ్రాల వ్యాపారులు వాడే రాప్‌నెట్ ఆన్‌లైన్ మార్కెట్ ఈజీఎల్ రిపోర్టులున్న రాళ్లను తన జాబితా నుంచి తీసేసింది. ఇంట్లో అలాంటి పాత కాగితం ఉంటే, నగ అమ్మే ముందు రాయిని మళ్లీ గ్రేడింగ్ చేయించడం మంచిది.

మరి ఏ ల్యాబ్? పెద్ద సాలిటైర్ విడిగా కొంటుంటే జీఐఏ రిపోర్టు అడగండి, మా సలహా ఇదే. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఐజీఐ. ఇది 1975లో బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో మొదలైంది. హెచ్‌ఆర్‌డీ కూడా అక్కడిదే. చిన్న చిన్న రాళ్లు పొదిగిన సెట్‌కు ఐజీఐ నగల రిపోర్టు సరిపోతుంది. అయితే పొదిగిన రాయిని విడిగా తూచలేరు. కొలతలను బట్టి బరువు అంచనా వేస్తారు, చుట్టూ ఉన్న బంగారం వల్ల రంగు కూడా కచ్చితంగా తేలదు. జీఐఏ అయితే పొదిగిన రాళ్లకు గ్రేడ్ ఇవ్వదు. అందుకే పెద్ద రాయికి ముందు రిపోర్టు, ఆ తర్వాతే పొదగడం.

షాపు తన సొంత లెటర్‌హెడ్ మీద ఇచ్చే కాగితాన్ని ల్యాబ్ రిపోర్టు అనుకోవద్దు. అమ్మేవాడే మార్కులు వేసుకుంటే ఎలా! అసలు రిపోర్టు మీద నంబరు ఉంటుంది. డబ్బు కట్టకముందే, షాపులోనే ఫోన్ తీసి ఆ నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. చాలా రాళ్లకు అంచు మీద అదే నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం అడిగి రెండూ కలుస్తున్నాయో లేదో సరిచూసుకోండి. పొదిగి తెచ్చాక, నంబరు కనిపించేలా ఉంటే, ఇంకోసారి చూడండి. మొహమాటం అక్కర్లేదు. దుబాయ్‌లో కొన్నా ఇదే పద్ధతి.

ల్యాబ్‌లో తయారైన వజ్రాలు కూడా వజ్రాలే, కానీ సహజ వజ్రం కంటే చాలా చవక, తిరిగి అమ్మితే వచ్చేదీ తక్కువే. రిపోర్టులో ‘ల్యాబ్ గ్రోన్’ అని ఉందేమో చూడండి. ఐజీఐలో అలాంటి రాళ్ల నంబరు ‘ఎల్‌జీ’తో మొదలవుతుంది.

గ్రేడింగ్ రిపోర్టులో ధర ఉండదు. ధర, తిరిగి కొనే షరతు రెండూ బిల్లు మీద రాయించుకోండి. అసలు రిపోర్టును నగతో పాటు కాకుండా వేరేచోట దాచండి.