పాత వాహనాల ఏసీలో విద్యుత్ లోపాల నిర్ధారణ

బ్యాటరీ నుంచి కంప్రెసర్ క్లచ్ వరకు కరెంటు ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ తగ్గుతోందో కొలిచి తేల్చే పద్ధతే పాత వాహనాల ఏసీలో విద్యుత్ లోపాల నిర్ధారణ. పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో 2019 నుంచి తయారవుతున్న కార్లలో ఏసీ కంప్యూటర్ అదుపులో పనిచేస్తుంది. చాలా విద్యుత్ లోపాలు కోడ్ రూపంలో బయటపడతాయి. పాత వాహనాల్లో చాలావాటికి ఆ సదుపాయం లేదు. ఫ్యూజు, స్విచ్చు, థర్మోస్టాట్, ప్రెషర్ స్విచ్చు, రిలేలలో ఏది తెగినా క్లచ్ పట్టదు. బ్లోయర్ గరిష్ఠ వేగంలోనే తిరుగుతుంటే సాధారణంగా దాని రెసిస్టర్ కాలిపోయినట్టు.

చల్లదనం తగ్గగానే గ్యాస్ నింపడం కన్నా ముందుగా వోల్టేజీ కొలవడమే సరైన క్రమం. 3 ఓమ్‌ల క్లచ్ కాయిల్ 12 వోల్టుల వద్ద 4 ఆంపియర్లు తీసుకుంటుంది. తుప్పు పట్టిన ఎర్త్ జాయింటు 1 ఓమ్ నిరోధం కలిపితే కరెంటు 3 ఆంపియర్లకు, కాయిల్‌కు అందేది 9 వోల్టులకు పడిపోతుంది, క్లచ్ జారుతుంది. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే మాత్రం మీటరు 12 వోల్టులే చూపుతుంది. అందుకే లోడు ఉండగానే కొలవాలి. గ్యాస్ తగ్గినా ప్రెషర్ స్విచ్చు క్లచ్‌ను ఆపుతుంది కదా అన్న అభ్యంతరం సమంజసమే. అయితే దానికి జవాబు గేజీతో పీడనం చూడటమే గాని, అంచనాతో గ్యాస్ ఎక్కించడం కాదు. పీడనం సరిపడా ఉండీ స్విచ్చు తెరుచుకునే ఉంటే లోపం స్విచ్చుదే; పీడనం లేకపోతే లీకును ముందుగా మూయాలి. గ్యాస్ తగ్గినప్పుడు స్విచ్చును వైరుతో కలిపి వాహనం నడిపితే ఆయిల్ అందక కంప్రెసర్ పాడవుతుంది.