మార్కాపురం పలక

ఒకప్పుడు అక్షరాభ్యాసం జరిగిన ప్రతి తెలుగింటిలోను పలక ఉండేది. కొయ్య చట్రంలో బిగించిన ఆ నల్లని రాతిబిళ్ళ ఎక్కడ పుట్టినదో, దానిని మన చేతికి అందించినవారెవరో విచారించినవారు తక్కువ. ఆంధ్రదేశంలో రాతిపలకకు పేరుపడిన ఊరు మార్కాపురం. బడిపిల్లల కొరతను కనిపెట్టి, కాళ్ళక్రింది రాతితోనే దానిని తీర్చిన స్థానిక వర్తకుల కథను నేడు శ్రోతల ముందుంచుతున్నాము.

ఆ కొరత ఎట్టిదో ముందుగా చూతము. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు కాంబెల్ దొర తన జిల్లాలోని బడులను గూర్చి ఒక నివేదిక పంపినాడు. తెలుగు వ్యాకరణం వ్రాసినవాడు కూడ ఆయనే. పిల్లవాడు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవాడనీ, చేయి తిరిగిన పిమ్మట తాటాకుమీద గంటంతోనో, కాగితంమీద కలంతోనో వ్రాసేవాడనీ అందులో ఉన్నది. అన్నము, బొగ్గుపొడి పూసిన కొయ్యపలకనూ, దానిమీద వ్రాసే బలపాన్నీ కూడ ఆయన పేర్కొన్నాడు. ఇసుకలో వ్రాత నిలువదు. తాటాకుమీద వ్రాత చెరగదు. కొయ్యపలకకు మాటిమాటికీ పూత కావలె. వ్రాసి, తుడిచి, మరల వ్రాయదగిన గట్టి వస్తువు, బీదవాడు కొనగలిగినది, కావలసి ఉండెను. ఫలకమనగా బల్ల. ఆ మాట నుండి వచ్చిన ‘పలక’ కొయ్యను విడిచి రాతిని పట్టుకొన్నప్పుడు ఆ కొరత తీరినది.

కొత్త బడులతోపాటు రాతిపలక వాడుక పెరిగినది. ఐరోపా నుండి కూడ పలకలు ఓడలమీద వచ్చేవి. అట్టి రాయి నల్లమలకు తూర్పున మార్కాపురం, కంభం ప్రాంతాలలో పొరలు పొరలుగా పడి ఉన్నది. వందకోట్ల ఏండ్లకు పైబడిన పూర్వం నీటి అడుగున పేరుకొన్న మెత్తని బురద, భూమి ఒత్తిడికి గట్టిపడి, పలుచని రేకులుగా చీలే గుణం పొందినది. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో వెలువరించిన గ్రంథంలో ఈ శిలలకు కంభం పేరే పెట్టినాడు. తరువాత గుంతకల్లు నుండి బెజవాడ వైపు వేసిన మీటరుగేజి రైలుమార్గం గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్ల మీదుగా సాగినది. రాయి ఉన్నది, కొనేవారున్నారు, సరకు చేరవేసే దారి ఏర్పడినది. ఈ మూడింటినీ కలిపి చూచిన చూపే వ్యాపారదక్షత.

అది వానలు తక్కువైన మెట్టసీమ. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు తూర్పు అంచుగా ఉండేవి. పంట తప్పిన ఏట కూలివానికి ఈ గనులే ఆధారం. పైమన్ను తొలగించి దిమ్మెలు తీయుట, ఉలితో రేకులుగా చీల్చుట, కొలతకు కోయుట, నునుపు చేయుట, చట్రం బిగించుట అనే ఈ పనులలో ఒక్కొక్కటి కొన్ని కుటుంబాలకు బ్రతుకుతెరువైనది. స్వాతంత్ర్యానంతరం బడులు పెరిగినకొద్దీ పలకకు గిరాకీ పెరిగినది.

అయితే మెచ్చుకొని ఊరకుండుట చరిత్ర ధర్మం కాదు. పలకలు చేసే చేతులలో పసిచేతులు కూడ ఉండెను. తోటిపిల్లలు ఓనమాలు దిద్దేందుకు పలకలు చేసిన పిల్లలకు బడి లేదు. రాతిని కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చినది. 1987 జాతీయ విధానాన్ని అనుసరించి దేశంలో మొట్టమొదట ప్రత్యేక పథకాలకు ఎంపికైన కొద్ది ప్రాంతాలలో శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ, ఫిరోజాబాదు గాజు పరిశ్రమలతోపాటు మార్కాపురం పలకల పరిశ్రమ చేరినది. పనిలోని పిల్లలను బడికి మళ్ళించుటకు ప్రత్యేక పాఠశాలలు పెట్టబడినవి. ఒక కొరతను తీర్చిన వ్యాపారం వేరొక కొరతను పుట్టించరాదను పాఠం ఇందులో ఉన్నది.

కాలక్రమాన నోటుపుస్తకం చౌకైనది. రేకు, ప్లాస్టిక్ పలకలు వచ్చినవి. రాతిపలక వెనుకబడినది. మార్కాపురం వర్తకులు అంతటితో చేతులు ముడుచుకొనలేదు. రేకులుగా చీలే ఆ రాతినే నేలకు, గోడలకు పరిచే పలకలుగా కోసి, దాని సహజమైన రంగులనే సొగసుగా చూపి, విదేశాలకు పంపినారు. రాయి మారలేదు, అవసరం మారినది.

ఈ కథలో కోటీశ్వరుల జీవితచరిత్రలు లేవు. రాతి గుణమెరిగిన పనివాడు, బడిపిల్లవాని అవసరమెరిగిన వర్తకుడు, ఈ ఇద్దరి తెలివి కలిసి ఒక మెట్టసీమకు పేరు తెచ్చినది. మీ ఊరిలో ఏ వస్తువు కరువై ఉన్నదో, దానికి కావలసిన ముడిసరకు ఎంత దూరంలో ఉన్నదో ఒకమారు ఆలోచించి చూడండి. దానితోపాటు, ఆ పని ఎవరి చేతులు చేయవలసి వచ్చునో కూడ ఆలోచించండి.